యాకూబ్ భాయ్ వాపసు ఇచ్చిన కెమెరా

అది జరిగింది రెండు వేల ఎనిమిదిలో, కార్తీక పున్నమి మరునాడు, శుక్రవారం, పొద్దున పదిన్నరకు. జుమ్మా నమాజు వేళకు భద్రాచలం తిరిగి రావాలని యాకూబ్ భాయ్ దారి పొడుగునా గడియారం చూసుకుంటూనే ఉన్నాడు కాబట్టి గంట కూడా నాకు గుర్తుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మొన్న పింఛను ఇచ్చే మనిషి నా మొఖం ముందు ఫోను పెట్టాడు. అందులో ఒక గుండ్రటి గీత నా మొఖాన్ని వెతికింది. వెతికి వెతికి, "ముఖం కనిపించడం లేదు" అని లోపలినుంచి ఒక ఆడగొంతు చల్లగా చెప్పింది. "కండ్లార్పు పెద్దమ్మా, ఆర్పితేనే బతికున్నట్టు లెక్క," అన్నాడతను. ఆర్పాను. గీత పచ్చబడింది, పింఛను వచ్చింది, ఆ సంగతి వదిలేయండి. కానీ ఆ గొంతు విన్నప్పుడు నా మెడ మీద పాకిన చలి ఇప్పటిది కాదు.

యాకూబ్ భాయ్ మీకెవరికీ తెలియదు. భద్రాచలం బస్టాండుకు ఎదురుగా ఇరుకు స్టూడియో ఆయనది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు, ఎండాకాలమైనా ఇస్త్రీ చొక్కా తప్పేది కాదు. అందరికీ కోపం వస్తే గొంతు లేస్తుంది, ఆయనకు మాట తగ్గేది. నేను ఊడ్చే పనికి చేరాను. మెల్లగా, ఫొటోకు వచ్చినవాళ్ల తల దువ్వడం, పౌడరు అద్దడం, గడ్డం పట్టి ఎత్తు సరిచేయడం కూడా నా పనే అయింది. అప్పటికి నాకు నలభై దాటాయి, అక్షరం ముక్క రాదు. గిరాకీ లేని మధ్యాహ్నాలు ఆయన గడప దగ్గర కుర్చీ వేసుకుని నాకు బస్సులు చూపించేవాడు.

"గది ఏ బస్సు లచ్చక్కా?"

"ఎర్రబస్సు."

"ఎర్రదే. యాడికి పోతది?"

"డ్రైవరు యాడికి తోల్తే ఆడికి."

నవ్వలేదు. రోడ్డు దాటి నన్ను తీసుకెళ్లి బస్సు బోర్డు మీద వేలు పెట్టాడు. "ఇది చ. గిది ర. దాని కింద ఏలాడేది ల. చర్ల. కండ్లున్నయి గని సూస్తలేవు నువ్వు." కండక్టరు తల బయటపెట్టి, "ఎక్కుతరా, ఈడ్నే బడి పెడ్తరా?" అన్నాడు. నేను చదివిన మొదటి మాట చర్ల. చదువుతో నా నోరేమీ మెత్తబడలేదు. కానీ అంతకుముందు రంగులుగా కనిపించినవి ఆ రోజునుంచి మాటలుగా కనబడ్డాయి. ఆ పని చేసింది ఆయన.

ఇక కెమెరాల సంగతి. మా దగ్గరున్నది మేము కొన్న మొదటి డిజిటల్ కెమెరా, పాతబడిపోయింది. దానితో తీసినదాన్ని గోడకు వేలాడదీసేంత పెద్దగా చేస్తే మొఖం గళ్లు గళ్లుగా చెదిరిపోయేది. మా స్టూడియో బతికేదే గోడ ఫొటోల మీద. ఖమ్మంలో తెలిసిన దుకాణం సేటు భాయ్ చేతిలో రెండు కెమెరాలు పెట్టి, "రెండూ వాడి చూడు, సోమవారం ఒకటి వాపసు తే," అన్నాడట. రెండూ నల్లవే, రెండూ ఒకే సైజువే, ధరలో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకటి పెన్సిల్ సెల్లులతో నడుస్తుంది. అవి ఏ ఊరి కిరాణా కొట్లోనైనా దొరుకుతాయి. రెండోదానికి సొంత బ్యాటరీ, కరెంటు పెట్టి నింపాలి. కానీ దానికొక విద్య ఉంది. ఎదుట మనిషి మొఖం దొరికితే వెనక తెర మీద ఆ మొఖం చుట్టూ పసుపు గీతలతో డబ్బా కడుతుంది. అందుకని దాన్ని డబ్బా కెమెరా అనీ, మొదటిదాన్ని సెల్లుల కెమెరా అనీ పిలుచుకున్నాం.

ఏది ఉంచుకోవాలో భాయ్‌కి తేలలేదు. గోదావరి మెట్ల మీద గుండు చేయించుకున్న భక్తులను, టీ బండిని, నన్ను, రెండింటితోనూ తీశాడు. ప్రింట్లు కలిపేసి, "ఏది దేనిది?" అని అడిగేవాడు. నాకు తెలిసేది కాదు. తీసిన ఆయనకే తెలిసేది కాదు.

"పెండ్లి సంబంధం గూడ ఇంతగనం సూడరు భాయ్."

"పెండ్లి తప్పయితే ఇద్దరికే గోస. ఇది తప్పయితే ఊరందరి మొఖాలు పోతయ్."

చివరికి మనసు డబ్బా కెమెరా వైపే లాగింది. దాన్ని గుమ్మంలో పట్టుకుని, రోడ్డున పోయేవాళ్ల మీద డబ్బాలు పడుతుంటే మురిసిపోయేవాడు. "మనం సూడకముందే అదే పట్టుకుంటాంది సూడు," అనేవాడు. అంత మురిపెం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

శుక్రవారం పొద్దున్నే చర్లనుంచి ఫోను వచ్చింది. అక్కడికి అవతల, అడవి అంచు ఊళ్లో ముత్తయ్య అనే రైతు భార్య సమ్మక్క జ్వరంతో చనిపోయింది, ఫొటో కావాలి. బతికుండగా ఫొటో దిగనివాళ్లు పోతే, కుర్చీలో కూర్చోబెట్టి తీసి, గోడకు పెట్టుకోవడం మా వైపు మామూలే. భాయ్ రెండు కెమెరాలూ సంచిలో వేసుకున్నాడు. కిరాయి జీపు మమ్మల్ని రోడ్డు మీద దింపింది, డ్రైవరు అక్కడే ఉండిపోయాడు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. టేకు ఆకులమీదనుంచి నీటిబొట్లు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. డప్పు లేదు, ఏడుపు లేదు. ఊరి మగవాళ్లు కట్టెలకు అడవిలోకి పోయారట, ఆడవాళ్లు వాగుకు నీళ్లకు పోయారట.

వసారాలో కుర్చీలో సమ్మక్కను కూర్చోబెట్టి నడుముకు తువ్వాలు కట్టారు. మొఖాన పసుపు, పెద్ద కుంకుమ బొట్టు, ఎర్రచీర. నేను సంచిలోంచి దువ్వెన తీస్తున్నాను. ఇంతలో ఇంట్లోంచి, గుమ్మం కొంచెం వంగి దాటుకుంటూ, చేతిలో చెంబుతో సమ్మక్క బయటికి వచ్చింది. అదే ముక్కు, అదే బొట్టు, అలాంటిదే ఎర్రచీర. నా దువ్వెన జారిపోయింది. భాయ్ పక్కనున్న గుంజ పట్టుకున్నాడు.

"నీళ్లు తాగు అక్కా," అన్నది ఆ పిల్ల.

కవలలని మాకెవరూ చెప్పలేదు. మా వైపు ఆడకవలలు పుడితే పేర్లు వెతుక్కునే పని లేదు, సమ్మక్క, సారక్క. ఈమె సారక్క. కొత్తగూడెంలో నర్సు ట్రైనింగులో ఉన్నదాన్ని కబురు చేసి పిలిపించారు. వచ్చీ రాగానే సమ్మక్క అత్త భద్రమ్మ పెట్టె తెరిచి, కోడలి పెండ్లి చీర తీసి ఈమెకు కట్టించింది. ఎందుకో ఆమే చెప్పింది.

"పోయినదాని మొఖం వాచింది నాయినా. అది వద్దు. దీన్ని తీయి. రెండు మొఖాలు ఒకటే గదా. గోడకు గదే పెడ్తం."

"బతికున్నదానికి దండేస్తరా పెద్దమ్మా?" అన్నాను నేను.

"దీనికెందుకేస్తం? దానికే ఏస్తం. ఇగ ఇది యాడికి పోతది? మావోనికి ఇదే పెండ్లాం, పిల్లకు ఇదే తల్లి. పేరు గూడ సమ్మక్కనే పిలుస్తం. పిల్ల అప్పుడే అమ్మా అంటాంది."

నిజమే. సమ్మక్క ఏడాది కూతురు సారక్క సంకలో ఉంది, ఆమె మెడ చుట్టూ చేతులు వేసి అమ్మా అంటోంది. సారక్క చీర కుచ్చిళ్లను వేళ్లతో నలుపుతోంది. ముత్తయ్య గుంజ మొదట్లో మోకాళ్లలో తలపెట్టుకుని కూర్చున్నాడు.

భాయ్ ముందు సమ్మక్కను సెల్లుల కెమెరాతో తీశాడు. తర్వాత డబ్బా కెమెరా ఎత్తాడు. తెర మీద ఆమె మొఖం చుట్టూ పసుపు డబ్బా పడింది. భద్రమ్మ ఆయన భుజం మీదుగా తొంగి చూసి, "గా గీతలేంది?" అని అడిగింది.

"మనిషి మొఖం దొరికిందంటే గట్ల డబ్బా పడ్తది పెద్దమ్మా," అన్నాడు భాయ్, రెండు రోజుల మురిపెంతో.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"ఇగ ఇద్దరిని కలిపి ఒకటి తీస్త," అని సారక్కను పక్కన పీట మీద కూర్చోబెట్టాడు. భద్రమ్మ చెప్పినట్టు చేయడం ఆయనకు ఇష్టం లేదు, కాదని చెప్పడానికి మాటలు వెతుక్కుంటున్నాడని నాకర్థమైంది. కెమెరా ఎత్తాడు. నేనూ చూశాను. పిల్ల సారక్క మెడలో మొఖం దాచుకుంది, తెర మీద రెండు మొఖాలే. డబ్బా ఒకటే. అది కుర్చీలో కట్టి ఉన్నామె మీద.

భాయ్ ఎడమకు జరిగాడు, కుడికి జరిగాడు, ముందుకు వచ్చాడు. డబ్బా కదలలేదు.

"లచ్చక్కా, ఆమె గడ్డం కొంచెం ఎత్తు."

ఎన్ని గడ్డాలు ఎత్తిన చెయ్యో నాది. ఆ రోజు ముందుకు పోలేదు. బలవంతంగా సారక్క గడ్డం కింద పెట్టాను. వెచ్చగా తగులుతుందనుకున్నాను, తగలలేదు. గడ్డం ఎత్తాను, నుదుటి మీది వెంట్రుకలు పక్కకు తీశాను. భాయ్ మొఖం చూస్తే తెలిసిపోయింది, డబ్బా పడలేదు.

"సూసినవా," అన్నది భద్రమ్మ. గొంతు పెంచలేదు. "మిషనుకు గూడ సమ్మక్కనే ఉన్నది. సారక్క లేదు. నేను చెప్పేది గదే గదా."

ముత్తయ్య తల ఎత్తాడు. సారక్క వైపు చాలాసేపు చూశాడు. "సమ్మక్కా," అని పిలిచాడు.

"ఊఁ," అన్నది సారక్క.

తానేమన్నదో ఆమెకు అప్పుడు తెలిసింది. నోటి మీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత భాయ్ వైపు తిరిగి, దారి అడిగినట్టుగా అడిగింది. "అన్నా, నేను కనబడ్తలేనా?"

భాయ్ డబ్బా కెమెరాను నా చేతిలో పెట్టేశాడు. సెల్లుల కెమెరా తీసుకుని ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నీ పేరేంది బిడ్డా?"

"సమ్మక్క," అన్నది భద్రమ్మ.

"పోయినామె పేరు నాకు ఎరికే పెద్దమ్మా. ఈమెనడుగుతున్న. నీ పేరేంది?"

పెదవులు కదిలాయి, మాట రాలేదు. భాయ్ గడియారం చూసుకోలేదు. కూర్చునే ఉన్నాడు.

"సారక్క," అన్నది చివరికి. కెమెరా టిక్కుమంది.

"యాడ సదువుతున్నవ్?"

"కొత్తగూడెం."

"ఏం సదువు?"

"నర్సు ట్రైనింగు."

"సూది ఏయొస్తదా, ఊరికెనే తిరుగుతున్నవా?"

"ఒస్తది. నీకు ఏయాల్నా?" అన్నది, కనుబొమ్మలు ముడిచి. మళ్లీ టిక్కుమంది.

భాయ్ లేచి వెళ్లి ముత్తయ్య పక్కన కూర్చుని తెర చూపించాడు. "సూడు తమ్మీ. ఎవరీమె?"

చిన్న తెర మీద మాట మధ్యలో ఆగిన నోరు, ముడిపడిన కనుబొమ్మలు. ముత్తయ్య తెరను దగ్గరికి లాక్కుని చూశాడు. కుర్చీలో ఉన్న భార్యను చూశాడు. మళ్లీ తెర చూశాడు.

"మా ఆమె గిట్ల ఎదురు మాట్లాడకపోయేది," అన్నాడు.

"మరి ఈమెవరు?"

"మా మరదలు." ఆ మాట అన్నాకే అతనికి ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే తల్లితో అన్నాడు, "అమ్మా, సారక్కను చీర మార్చుకోనియ్యి. పిల్లను నువ్వెత్తుకో."

"గట్లంటవేందిరా..."

"ఎత్తుకో అమ్మా. నా పెండ్లాం సచ్చిపోయింది. ఇంకో మనిషిని గూడ పోగొట్టకు."

భద్రమ్మ పిల్లను తీసుకుంది. సారక్క తన సొంత చీరలో బయటికి వచ్చి అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది. వాచిన మొఖం వాచినట్టే, మూసిన కళ్లు మూసినట్టే, భాయ్ సమ్మక్కను సెల్లుల కెమెరాతో మళ్లీ ఒకటి తీశాడు. ఆ ఇంటి గోడకు ఎక్కింది అదే. సారక్క దినాలు అయ్యాక కొత్తగూడెం పోయింది, చదువు పూర్తి చేసింది. తర్వాత మా స్టూడియో ముందునుంచి ఎప్పుడు పోయినా, "అన్నా, సారక్కను," అని లోపలికి కేకేసి మరీ పోయేది.

తిరుగు దారిలో జుమ్మా వేళ దాటిపోయింది, భాయ్ దాని ఊసెత్తలేదు. డబ్బా కెమెరా నా ఒళ్లోనే ఉంది, ఆపడం మరిచిపోయాం. భాయ్ ముందు డ్రైవరు పక్కన ఉన్నాడు, వెనక నా ఎదుటి బెంచీ ఖాళీ. యథాలాపంగా తెర వైపు చూశాను. ఖాళీ బెంచీ మీద, మనిషి కూర్చుంటే మొఖం ఉండేంత ఎత్తులో, పసుపు డబ్బా. గుంతల్లో జీపు ఊగినప్పుడల్లా అదీ ఊగుతోంది. మాట్లాడకుండా భాయ్‌కి చూపించాను.

"సీటు చినిగిన కాడ పడ్డది. మచ్చలకు గూడ పడ్తది అది," అన్నాడు.

వెనక్కి తిరిగి చూశాడు. నేనూ చూశాను. సీటు చినగలేదు, మచ్చ లేదు. భాయ్ కెమెరా తీసుకుని బ్యాటరీ ఊడబెరికి ఒక జేబులో, కెమెరా ఇంకో జేబులో వేసుకున్నాడు.

సోమవారం ఖమ్మం నేనూ వెళ్లాను. సేటు ఎగతాళి చేశాడు. "విద్య ఉన్నదాన్ని ఇడిసి సెల్లులది పట్టుకపోతవేంది భాయ్? లోకం ముంగటికి పోతాంటే నువ్వెనకకు నడుస్తున్నవ్."

"అడవి ఊళ్లల్ల చార్జింగు యాడ పెట్టాలె సేటూ," అన్నాడు భాయ్. అంతే అన్నాడు. బస్సు కొత్తగూడెం దాటాక నాతో అన్నాడు, "ఎదురుంగ కూసున్న పిల్ల ఉన్నదా లేదా అని నేను దాన్నడిగితి లచ్చక్కా. నా కండ్లు పెట్టుకొని దాన్నడిగితి." ఆ కెమెరా సంగతి ఆయన నోటినుంచి మళ్లీ నేను వినలేదు. అక్షరాలు నేర్పిన రోజు నన్ను అన్న మాటనే తనను తాను అనుకున్నాడని నాకు తర్వాతెప్పుడో తట్టింది.

భాయ్ పోయి చాలా ఏళ్లయింది, స్టూడియో ఉన్న చోట చెప్పుల కొట్టు ఉంది. నాకు ఆయన ఇచ్చిపోయింది ఒక మొండి అలవాటు. ఎవరింటికి పోయినా, ఎవరు నా ఎదుట కూర్చున్నా, ముందు పేరు అడుగుతాను. తెలిసినవాళ్లనైనా అడుగుతాను. వాళ్ల నోటితో వాళ్లు చెప్పేదాకా మొఖం మీదనుంచి చూపు తీయను. ముసలిదానికి మతి పోయిందని నవ్వుతారు. నవ్వనివ్వండి. కొంతమంది చెప్పడానికి ఒక క్షణం తడబడతారు, అప్పుడు ఇంకొంచెంసేపు కూర్చుంటాను.

ఆ రోజు ఆ వాకిట్లో ఉన్నది భద్రమ్మ, ఆమె కొడుకు ముత్తయ్య, ఇంకా పేరు పెట్టని ఏడాది పిల్ల, సారక్క, యాకూబ్ భాయ్, లచ్చమ్మనైన నేను. సమ్మక్క కూడా ఉంది. ఆమె ఒక్కదాని విషయంలో ఆ కెమెరా అబద్ధం చెప్పిందని నేను అనలేను.