గోంగూర మడిలో కలుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గోంగూర సీసాలోనే ఉండేది. ఇంగ్లండులోని కోవెంట్రీలో అమ్మా నాన్నా ఇద్దరూ హాస్పిటల్ షిఫ్టుల్లో తిరుగుతుంటే, మాకు అన్నం పెట్టడం దగ్గర్నుంచి చీవాట్లు పెట్టడం దాకా అన్నీ మా పెద్దమ్మే చూసుకునేది. ఆవిడ ఓ ప్రైమరీ స్కూల్ వంటగదిలో పనిచేసేది. వేసవి సెలవులు రాగానే జాంబియాలో ఒక పల్లె బడికి వెళ్ళి, అక్కడి వంటశాలలోనూ తోటలోనూ సాయం చేసి వచ్చేది. నాకు పదేళ్ళు నిండిన ఏడాది ఇంట్లో నన్ను చూసుకునేవాళ్ళు లేక వెంటబెట్టుకుని వెళ్ళింది.

అంతకుముందు ఆ బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి బయటినుంచి ఆహారం మూటలు వచ్చేవట. ఆ ఏడాది హెడ్‌మిస్ట్రెస్ వాటిని తనే ఆపించారు. తోటలో పండింది వండుకుంటాం, ఇక పంపక్కర్లేదు అని చెప్పేశారు. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. ఆవిడకి అంత ధైర్యం ఎక్కడిదా అని మా పెద్దమ్మ రోజూ ముచ్చటపడేది. తోట గనక తప్పితే పిల్లలకి అన్నం ఉండదు, అన్నం లేకపోతే సగంమంది బడికే రారు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు.

నాకు చిక్కుడు మడిలో కలుపు తీసే పని అప్పజెప్పారు. అది తొందరగా అయిపోయింది. నలుగురిచేతా శభాష్ అనిపించుకోవాలని పక్క మడిలోకి దిగాను. ఎర్రటి కాడలు, వేళ్ళలా చీలిన ఆకులు, చూడగానే పిచ్చిమొక్కలే అనుకున్నాను. పెద్దమ్మ వచ్చేసరికి మడి ముప్పాతిక వంతు గట్టు మీద ఉంది.

"ఓసి నా తల్లీ! వారానికి మూడుసార్లు తింటావు కదే, గోంగూరని గుర్తుపట్టలేదా?" అని అక్కడే చతికిలబడింది.

ఎలా గుర్తుపడతాను? నేనెరిగిన గోంగూర నూనెలో తేలుతూ మూతపెట్టి ఉండేది. అక్కడివాళ్ళు కూడా దాన్ని తింటారనీ, వేరుశనగ పొడి వేసి వండుతారనీ నాకు అసలు తెలియదు. ఆ నెలంతా పిల్లలకి కూర ఆ మడే.

మాలాగే సాయం చెయ్యడానికి మాతో వచ్చిన ఇంగ్లీషువాళ్ళు మంచి మనసుతోనే అన్నారు, ఈ ఒక్క నెలకీ మూటలు తెప్పిద్దామని. హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకోలేదు. ఈసారి తీసుకుంటే పిల్లలు తోట వైపు చూడడం మానేసి మళ్ళీ రోడ్డు వైపు చూస్తారు అన్నారు. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

పెద్దమ్మ నా తరఫున క్షమాపణ చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. నా రెక్క పట్టుకుని బడి వంటామె ముందు నిలబెట్టి, ఏం చెయ్యాలో నువ్వే అడుగు అంది. ఏడుస్తూనే అడిగాను. ఆవిడ కోప్పడలేదు. ఒక మొక్క తీసుకుని ఆకులు దూసి చాప మీద పరిచింది, వేరు బాగున్న కాడని మళ్ళీ మట్టిలో గుచ్చింది, నా చేతికి బకెట్ ఇచ్చింది. పెద్దమ్మకి పచ్చడి పెట్టేయాలని ఎంత చెయ్యి దురదపెట్టిందో నాకు తెలుసు. అయినా నోరు మూసుకుని పిల్లల మధ్య కూర్చుని, వంటామె చెప్పినట్టే ఆకు దూసింది. తనకి బాగా తెలిసిన పనిలో ఇంకొకరి మాట వినడం ఎంత గొప్పో నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

రెండు వారాలు పొద్దునా సాయంత్రం నీళ్ళు మోశాను. కొన్ని కాడలు ఎండిపోయాయి, చాలావరకు చిగురు వేశాయి. ఈలోగా ఎండబెట్టిన ఆకు ఆదుకుంది. కూర పలచగా ఉన్న రోజులున్నాయి గాని పొయ్యి వెలగని రోజు లేదు.

బయల్దేరేటప్పుడు పెద్దమ్మ అలవాటుగా, వచ్చే ఏడాది ఏం సాయం కావాలో ఉత్తరం రాయమంది. హెడ్‌మిస్ట్రెస్ పెద్దమ్మ రెండు చేతులూ పట్టుకున్నారు. తప్పకుండా రండి, కానీ పని చెయ్యడానికి వద్దు, చుట్టపుచూపుగా వచ్చి మేం వండింది తిని వెళ్ళండి అన్నారు. పెద్దమ్మ మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. ఆ తర్వాత, ఎన్నో ఏళ్ళ తన కష్టం ఫలించినట్టు, అందరి ముందూ గట్టిగా ఏడ్చేసింది.

ఈమధ్య మా అమ్మాయి మిల్టన్ కీన్స్‌లో ఇల్లు మారింది. సర్దిపెట్టడానికి వారం సెలవు పెట్టి వస్తానన్నాను. "మమ్, వి ఆర్ ఫైన్. ఊరికే లంచ్‌కి రా" అంది. నా మనసు చివుక్కుమంది. కాసేపటికి పెద్దమ్మ ఏడుపు గుర్తొచ్చి సిగ్గేసింది. ఆ ఆదివారం ఉత్త చేతులతో వెళ్ళి, వంటగది వైపు తొంగి చూడకుండా కూర్చుని, అమ్మాయి పెట్టింది తిని వచ్చాను. జన్మలో అంత కష్టపడి ఎప్పుడూ కూర్చోలేదు.