కంప్యూటర్‌ను కడిగించాం

పుంగనూరులో నేను పనిచేసే ప్రైవేటు స్కూల్లో ప్రశ్నపత్రాలు టైపు చేసే పని నా నెత్తిన పడింది. స్కూలు కంప్యూటర్ ముందు ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు కూర్చునే ఉండేవారు. అడుక్కోవడం నాకు చేతకాదు. ఆ విసుగులోనే మదనపల్లె పోయి ఒక పాత కంప్యూటర్ కొనుక్కొచ్చాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది అప్పటికి. సదుం దారిలో ఉన్న మా ఊళ్లో, ఆవుల కొట్టానికి ఆనుకున్న గదిలో దాన్ని పెట్టాం. సాయంత్రమైతే పాలు పితికే చప్పుడూ, దాని ఫ్యాను చప్పుడూ కలిసి వినపడేవి.

దాంతోపాటు ఒక మైకు కూడా ఇచ్చారు. అమ్మ అప్పటికే మంచం పట్టింది. ఆమె గొంతు దాచుకోవాలన్న ఆలోచన నాకు ముందు రాలేదు, ఊరికే మైకు పనిచేస్తుందో లేదో చూద్దామని ఆమె మంచం దగ్గరికి లాగాను. “నేనేం మాట్లాడేదే? నాకేం వస్తాది?” అని సిగ్గుపడింది. మొదలుపెట్టాక ఆపడం మావల్ల కాలేదు. ఆవుల్ని ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచింది. సంగటి గడ్డలు కట్టకుండా ఎట్లా కెలకాలో చెప్పింది. ఆ తర్వాత మా నాయన మీద పడింది. “ఈ మనిషికి ఆకలేస్తాందని నోరు తెరిచి అడగను రాదు. నువ్వే సూసుకోవాల” అంది.

అమ్మ పోయాక ఆ రికార్డింగులన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, దానికి ‘అమ్మ’ అని పేరు పెట్టాను. నాయనకు చదువు రాదు. పసుపు రంగు అట్టలాంటి ఆ బొమ్మ తెరమీద ఏ మూల ఉంటుందో, ఎట్లా నొక్కాలో నేర్పాను. రోజూ పాలు పితికి, చేతులు కడుక్కుని, తువ్వాలుతో తడి లేకుండా తుడుచుకుని వచ్చి కూర్చునేవాడు. తనను తిట్టే చోటికి వచ్చేసరికి నవ్వేవాడు. అమ్మ బతికున్నప్పుడు ఆ మాటలకే కస్సుమనేవాడు.

యాంటీవైరస్ సీడీ కూడా కొన్నాను. “దీన్ని ఎప్పటికప్పుడు కొత్తది చేస్తాండాలక్కా. పాతబడితే కొత్త వైరస్‌లను గుర్తుపట్టదు” అని మదనపల్లె మెకానిక్ చెప్పాడు. ఇంట్లో ఇంటర్నెట్ లేదు. అందుకని మదనపల్లె పోయినప్పుడల్లా అక్కడి నెట్ సెంటర్లో ఆ అప్‌డేట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, పశువులకు టీకా మందు తెచ్చినంత భద్రంగా బస్సులో తెచ్చేదాన్ని. మందు తెచ్చిన ఆ పెన్‌డ్రైవ్‌లోనే జబ్బు కూడా వచ్చింది. నెట్ సెంటర్ కంప్యూటర్లలో ఎంతమంది పెన్‌డ్రైవ్‌లు దూరి వెళ్తాయో ఆలోచించేంత తెలివి మా ఇళ్లలో అప్పుడు ఎవరికీ లేదు.

కంప్యూటర్ నెమ్మదించింది. పాతది కదా అనుకున్నాను. తర్వాతి అప్‌డేట్ తెచ్చి ఎక్కించిన సాయంత్రం తెర మధ్యలో ఎర్రటి పెట్టె లేచింది. వైరస్‌లు దొరికాయని, తీసేశానని, వాటి పేర్లు వరుసగా చూపించింది. అందులో ‘అమ్మ’ ఉంది. పక్కనే కూర్చున్న నాయన ఆ మూల పసుపు బొమ్మ కోసం చూశాడు. అక్కడ ఏమీ లేదు.

“ఏమైందిమ్మా?”

“వైరస్ పట్టిందంట నాయనా. తీసేసింది.”

నేను ఆ డ్రైవంతా గాలించాను. మిగతా ఫోల్డర్లూ లేవు. నాకు ఏడుపుకన్నా ముందు కోపమొచ్చింది. కాపలాకు పెట్టుకున్నదే ఇంట్లో మనిషిని బయటికి నెట్టినట్టు అనిపించింది.

మర్నాడు కంప్యూటర్‌ను గోనెసంచిలో చుట్టి, నాయనా నేనూ మదనపల్లె బస్సెక్కాం. మెకానిక్ చూసి, వైరస్ ఇంకా మిగిలే ఉందన్నాడు. “ఫార్మాట్ కొడితే ఉండేదంతా చెరిగిపోయి శుభ్రమైపోతాదక్కా. లోపల కావాల్సినవి ఏమన్నా ఉండాయా?”

నేను నోరు తెరిచేలోగా నాయన అందుకున్నాడు. “ఉండింది పోయిందప్పా. ఇంగ సగం సగం పని వద్దు. అంతా కడిగెయ్.”

పశువులున్న ఇళ్లలో అది మామూలు పద్ధతి. గాలికుంటు జబ్బు వచ్చి ఒక ఆవు పోతే, మిగిలిన గడ్డి ఎంత మంచిదైనా కాల్చేస్తారు. కొట్టంలో నేల చెక్కి పారేస్తారు, సున్నం చల్లుతారు, వేపాకు పొగ పెడతారు. పోయినదాన్ని తలుచుకుంటూ ఆ మట్టిని ఉంచుకుంటే ఉన్నవి కూడా పోతాయి. నాయన చిన్నప్పటినుంచీ చేసిన పని అదే. నాకూ సబబుగానే తోచింది, తలూపాను. ఆరోజు బస్సులో తిరిగి వస్తూ నాయన కాస్త తేరుకున్నట్టే కనిపించాడు. కష్టమైనా చేయాల్సింది చేశామన్న ధైర్యం ఆయన మొహంలో ఉండింది. ఆ తర్వాత గదిలోకి రావడం మానేశాడు.

మరుసటి ఏడాది వేసవిలో టీచర్లకు కుప్పంలో కంప్యూటర్ శిక్షణ పెట్టారు. ఒక టీచరమ్మ తన పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్లను యాంటీవైరస్ తినేసిందని ఏడుపు మొహంతో నిలబడింది. శిక్షణ ఇచ్చే ఆయన తొణకలేదు. ఏవో సెట్టింగుల్లోకి వెళ్లి, అక్కడొకటి ఇక్కడొకటి టిక్కులు మార్చాడు. ఆమె ఫోల్డర్లన్నీ వెలిసిపోయిన రంగులో తెరమీదికి వచ్చాయి.

“ఈ వైరస్ అసలు ఫోల్డర్‌ను కనపడకుండా దాచేస్తుంది. దాని పేరుతో, దాని బొమ్మతో తను కూర్చుంటుంది. యాంటీవైరస్ తీసేసేది ఆ దొంగదాన్నే. మీవి ఎక్కడికీ పోవు” అన్నాడు.

ఫార్మాట్ చేశాక కూడా తీయొచ్చా అని అడిగాను. ఏడాదిగా దాని మీద పని చేస్తుంటే ఇక దొరకదన్నాడు. మిగతా పాఠం నేను వినలేదు.

కుప్పం నుంచి ఇంటికి వచ్చే దారంతా చెప్పకూడదనే అనుకున్నాను. చెప్పి ఎవరిని ఉద్ధరించాలి? కానీ నా మొహం నా మాట వినదు. కొట్టంలో గడ్డి వేస్తున్న నాయన నన్ను చూడగానే, “యాల అట్లుండావు?” అన్నాడు. చెప్పేశాను. అమ్మ ఫోల్డర్‌ను యాంటీవైరస్ తీయలేదని, అసలుది వెనకాల దాగి ఉండిందని, మనకు కనపడలేదంతేనని చెప్పాను.

నాయన చేతిలోని గడ్డి కింద పెట్టాడు. ఆవు వీపు మీద చెయ్యి వేశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

“అంటే, మనం కడిగించేటప్పుడు మీయమ్మ ఆడనే ఉండిందా?”

“ఉండింది నాయనా” అన్నాను.