బీరు పైపుకు పసుపు కుంకుమ

బీరు ఫ్యాక్టరీలో కొన్ని పైపులను శాశ్వతంగా అతికించరు. రోజూ విప్పి కడగాలి కదా. రెండు పైపుల మూతుల మధ్య రబ్బరు రింగు పెట్టి, చుట్టూ క్లాంపు వేసి, నట్టు చేత్తో బిగిస్తే చాలు. చుక్క కారకూడదు. సందులో బీరు నిలిచిందా, పులిసి వెనకొచ్చే సరుకునంతా పాడుచేస్తుంది.

ఆ క్లాంపులు, పైపు మూతులు ఫలక్‌నుమాలో మా అక్క మొగుడి కార్ఖానాలో మచ్చుకు చేశాం. బావ లేతు మీద తీస్తే, మెరుగుపెట్టి, చేతిపంపుతో నీళ్లు కొట్టి చూసేదాన్ని నేను. ఫ్యాక్టరీ సారుకు నచ్చితే ఆర్డరు మాది, నాకు కార్ఖానాలో పని ఖాయం. లేదంటే మళ్లీ ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టాలి. బీడీలంటేనే నాకు విసుగు.

సారు దసరా మర్నాడు పొద్దున్నే వచ్చేశాడు. ముందురోజు అన్నీ విప్పి ఆయుధపూజకు పెట్టి ఉంచాం. బావ గాభరాగా తనే ఒక జత బిగించి, పంపు నా చేతికిచ్చాడు. కొట్టాను. అతుకు దగ్గర చుక్క. ఇంకాస్త బిగిస్తే చుక్క ధారైంది.

"మొన్న మంచిగనే ఆగింది గద బావా."

"మొన్నటి ముచ్చట ఎందుకే? నీకు బిగించుడు వస్తలేదు" అన్నాడు, సారు ముందరే. బిగించింది తనూ, మాట పడేది నేనూ.

విప్పి చూశాను. సరిగ్గా రబ్బరు కూర్చునే చోట ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ. కార్ఖానా నిండా బొట్లే కాబట్టి ఎవరి కంటా పడలేదు. అంతా అత్తమ్మ పనే, బావ వాళ్లమ్మ. మందు కంపెనీ సామాను కదా, పాపం తగలకుండా అన్ని పైపుల మూతుల లోపల కూడా పెట్టిందట. నేను తుడవబోతే చెయ్యి పట్టుకుంది.

"పూజ బొట్టు తుడుస్తరానే? పొద్దుగూకినంక నేనే తీస్త. గంతదాంక సారును కూసోమను, చాయ్ తాగుతడు."

బావ తల్లికి ఎదురు చెప్పడు. లేతు వైపు తిరిగి నిలబడ్డాడు. సారు గడియారం చూసుకుని, "దేఖేంగే" అని స్టేషను దారి పట్టాడు. చూద్దామంటే ఇక రానట్టేనని మా గల్లీలో అందరికీ తెలుసు.

ఆయన మలుపు తిరగ్గానే అత్తమ్మ అరుస్తున్నా వినకుండా కొంగుతో తుడిచి, బిగించి, పంపు కొట్టాను. ఒక్క చుక్క కారితే ఒట్టు. బావను పిలిచి చూపిస్తే మంచిగున్నదన్నాడు. ఇప్పుడు మంచిగుండి ఎవరికి లాభం?

అత్తమ్మ వంగి, అతుకు చుట్టూ వేలు తిప్పి చూసుకుంది.

"చూసినవా, బొట్టు వెట్టినందుకే ఆగింది."

సారు మళ్లీ రాలేదు. నేను మళ్లీ బీడీల చాట ముందేసుకుని కూర్చున్నాను. ఆకు కత్తిరించే కత్తెరకు కూడా బొట్టు పెట్టే ఉంది.