షెడ్డు బావి మీది ఎర్ర బాణం

ఎనిమిదో తరగతి నేను రెండుసార్లు చదివాను. రెండోసారి మేష్టారు మారారు గానీ ఫలితం మారలేదు. మూడో ఏడు మా నాన్నగారు పుస్తకాలు కొనడం మానేశారు. అలాంటి నన్ను, భూమి లోపల నీరు ఎటు నడుస్తుందో తేల్చే ఆఫీసులో ఫీల్డు అసిస్టెంటుగా వేసుకున్నారు. నా పైన సర్వేయరు, ఆయన పైన జియాలజిస్టు. నా కింద బావి తప్ప ఎవరూ లేరు.

తొంభైల చివర్లో ఒక వేసవి. మండపేట దగ్గర ఒక ఊరికి మా జియాలజిస్టు ప్రసాదుగారి వెంట నాకు డ్యూటీ పడింది. రోడ్డు పక్కన సత్యవతిగారి కాఫీ హోటలు ఉంది. ఆవిడ బావినీళ్ళ కాఫీ కోసం లారీలు ఆగేవి. ఆ బావిలో డీజిలు వాసన మొదలైంది. ఆవిడ పాపం అర కిలోమీటరు నుంచి బిందెలతో నీళ్ళు మోయించుకుంటోంది.

హోటలుకి పడమర అప్పారావుగారి లారీ రిపేరు షెడ్డు. తూర్పున ఒక రైసు మిల్లు, దాని ఆవరణలో భూమిలో పాతిన డీజిలు ట్యాంకు. మిల్లు వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లినట్టుంది. షెడ్డు నేల నల్లటి అప్పడంలా ఉంది. చూసినవాడెవడైనా ఎవరిని అనుమానిస్తాడో చెప్పక్కర్లేదు.

డీజిలు నేల మీద పడితే కిందికి దిగుతుంది. దారిలో కొంత మట్టికి అంటుకుంటుంది. మిగిలింది భూమి లోపలి నీటి మీద తెట్టులా తేలుతుంది. అక్కణ్ణించి ప్రయాణం దాని ఇష్టం కాదు. నీరు ఎటు జరిగితే వాసనా అటే. నీరేమో మట్టం ఎత్తుగా ఉన్న చోటి నుంచి తక్కువగా ఉన్న చోటికి జరుగుతుంది. మా వైపు నేల చాప పరిచినట్టుంటుంది కాబట్టి ఆ వాలు అంగుళాల్లోనే ఉంటుంది.

దాన్ని పట్టే పద్ధతి ఇది. హోటలు, షెడ్డు, మిల్లు బావుల గట్ల మీద ఎర్ర రంగుతో ఒక్కో బాణం వెయ్యాలి. సర్వేయరు యంత్రం పెట్టి ఆ మూడు బాణాల ఎత్తులు ఒకదానితో ఒకటి సరిచూసి రాస్తాడు. తరవాత నేను చాక్ పిండి రాసిన ఇనుప టేపుని బాణం దగ్గర్నుంచి బావిలోకి దింపి, ఎక్కడిదాకా తడిసిందో చూసి, నీరు ఎంత లోతున ఉందో చెబుతాను. బాణం ఎత్తులోంచి ఆ లోతు తీసేస్తే నీటిమట్టం.

బాణాలు వెయ్యడం, వాటి ఎత్తులు రాయడం ఒక ట్రిప్పులో అయ్యాయి. ఇంకో పని పడి నీళ్ళు కొలవడం నెల తరవాతికి వెళ్ళింది. అప్పుడు చూస్తే షెడ్డు బావి మీద బాణం గీత గీసినట్టు తిన్నగా ఉంది. నా బాణాలు మామూలుగా కోడికాలి ముద్రల్లా ఉంటాయి. చెయ్యి తిరిగిందని మురిసిపోయి, ప్రసాదుగారిని పిలిచి మరీ చూపించాను.

లెక్క తేలింది. హోటలు బావి కన్నా మిల్లు బావిలో నీరు రెండంగుళాలు ఎత్తు, షెడ్డు బావిలో ఆరంగుళాలు ఎత్తు. వాలు అటునించే ఎక్కువ, నేల కూడా నల్లగానే ఉంది కాబట్టి దొంగ షెడ్డేనని రిపోర్టు వెళ్ళింది. షెడ్డు మూసి, నేల తవ్వించాలని పైనుంచి కాగితం వచ్చింది.

నేను ఊరుకున్నానా? హోటలు బెంచీ మీద కూర్చుని, "ఇకనించి లారీలు బంకుకి వెళ్ళక్కర్లేదండి, అప్పారావుగారి బావిలో ఓ బకెట్టు తోడుకుంటే రాజమండ్రి వెళ్ళిపోవచ్చు" అన్నాను. అందరూ నవ్వారు. సాయంత్రానికి ఆ మాట ఊరు దాటింది. డ్రైవర్లు ఆయన్ని "బంకు ఓనరుగారూ" అని పిలవడం మొదలెట్టారు, బళ్ళు మాత్రం వేరే షెడ్లకి తోలుకుపోయారు.

ఆ మాట అన్న పదకొండో రోజున, ఎక్కడ తవ్వాలో ముగ్గు వెయ్యడానికి నేనే వెళ్ళాను. అప్పారావుగారు మూసిన తలుపు ముందు స్టూలు మీద కూర్చున్నారు.

"తవ్వితే తవ్వారు గానీ ఆ బాణం పాడుచెయ్యకండి గంగరాజుగారూ. పెయింటరుని బతిమాలి వేయించాను."

"పెయింటరేంటండి?"

"లారీ వెనక్కి తీస్తుంటే తగిలి గట్టు రెండు వరసలు ఊడిపోయింది కదండి. మీ గుర్తు కూడా పోయింది. గవర్నమెంటు గుర్తు, లేకపోతే నన్నే అంటారని మిగిలిన గట్టు మీద మళ్ళీ వేయించాను. లారీల వెనక పేర్లు రాసేవాడండి, మంచి చెయ్యి."

ముగ్గు డబ్బా కింద పెట్టి లెక్క వేసుకున్నాను. రెండు వరసల ఇటుకంటే ఎనిమిది అంగుళాలు. బాణం ఎనిమిది అంగుళాలు కిందికి దిగితే, నీరు ఎనిమిది అంగుళాలు పైకి వచ్చినట్టు లెక్కలో పడుతుంది. అది తీసేస్తే షెడ్డు బావిలో నీరు హోటలు బావి కన్నా రెండంగుళాలు తక్కువ. అంటే నీరు మిల్లు నుంచి హోటలుకి, హోటలు నుంచి షెడ్డుకి నడుస్తోంది. ఆ మనిషి మర్యాదకి పోయి, తన మీద నేరం తనే రంగుతో రాయించుకున్నాడు. నేను దాన్ని చదివి సంతకం పెట్టించాను.

ప్రసాదుగారికి చెప్పాను. ఆయన పాత కొలతల పుస్తకం తీశారు. నేల మీంచి గట్టు ఎంత ఎత్తుందో మొదటిరోజు రాశావా అని అడిగారు. రాయలేదన్నాను. నేనూ అడగలేదన్నారు. మర్నాడే సర్వేయరుతో ఎత్తులన్నీ మళ్ళీ కట్టించి, పాత రిపోర్టు తప్పని తన పేరుతోనే రాసి పంపారు. షెడ్డు తలుపు తెరుచుకుంది.

మిల్లులో తవ్వితే ట్యాంకు గొట్టం అతుకు చెమ్మగిల్లుతూ కనిపించింది. అతుకు మార్పించి, నూనె పట్టిన మట్టిని టార్పాలిన్ మీద పల్చగా పరిచి, పశువుల ఎరువు కలిపి, తడుపుతూ వారానికోసారి తిరగేయించాం. కంటికి కనపడని క్రిములు నూనెని తినేస్తాయి, తొందరపెడితే మాత్రం తినవు. మిల్లుకీ హోటలుకీ మధ్య ఒక గొయ్యి తీసి నీరు తోడుతూ ఉంటే, చుట్టూ ఉన్న తెట్టు అందులోకి వచ్చి చేరేది. దాన్ని రేకు డబ్బాలతో పైపైన తీసేవాళ్ళం. ఏడాది దాటాక గానీ బావినీళ్ళు బాగున్నాయని ల్యాబు చెప్పలేదు. సత్యవతిగారు ల్యాబు మాట నమ్మక, మొదటి గ్లాసు నాచేత తాగించి, గంటసేపు కూర్చోబెట్టి చూసింది.

ఆ తరవాత రిటైరయ్యేదాకా, టేపు దింపే ముందు ప్రతి బావి గట్టూ నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి రాశాను. గుర్తు బాగా కనపడినంత మాత్రాన అది వేసినచోటే ఉన్నట్టు కాదు. రెండోసారి కొలవని లెక్క మీద మనుషుల గురించి మాట్లాడకూడదన్నది కూడా అప్పుడే నేర్చుకున్నాను.

షెడ్డు తెరిచిన వారంలో అప్పారావుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన లారీ కింద పడుకుని నట్లు బిగిస్తున్నారు. తప్పు నాదేనండి, మనసులో పెట్టుకోకండి, ఒక్కసారి నవ్వెయ్యండి అన్నాను. బయటికి రాకుండానే, స్పానరు చప్పుడు ఆపకుండానే చెప్పారాయన.

"పదకొండు రోజులు ఊరంతా నవ్వారు కదండి. నా వంతు కూడా వాళ్ళే నవ్వేశారు."