మోత తీసేసిన బండి

మేస్త్రి షెడ్డు వీధి చివర రెండు గోదాముల మధ్య ఇరుక్కుని ఉంటుంది. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, గోడకు మేకులు కొట్టి వేలాడదీసిన పానాలు. పాత కార్లంటే ఆ చుట్టుపక్కల అందరూ ఆయన దగ్గరికే దారి చూపిస్తారు. తాతల నాటి బండి తెచ్చి, "రూపం ఇలాగే ఉండాలి మేస్త్రీ, సుఖం మాత్రం కొత్త బండిలా ఉండాలి" అనేవాళ్ళకు పవర్ స్టీరింగు బిగిస్తాడు, ఏసీ పెడతాడు, తీగ ఒక్కటి కూడా కంటికి కనబడకుండా డ్యాష్‌బోర్డు వెనక సర్దేస్తాడు. పని చేస్తున్నంతసేపూ గొణుగుడు మాత్రం ఆపడు.

"ముసలాయనకు జీన్సు ప్యాంటు తొడుగుతున్నాం. తొడిగించుకుంటాడు పాపం, ఏం చేస్తాడు?"

తన సొంత బండి మీద మాత్రం అలాంటి చెయ్యి పడనివ్వలేదు. ఎవరింట్లోనో తుక్కుగా పడి ఉంటే తెచ్చుకుని, తలుపు తలుపూ తీసి బతికించుకున్న బండి అది. గుండ్రటి దీపాలు, వెడల్పాటి బానెట్టు, ముందు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే సీటు. చక్రం తిప్పాలంటే భుజాలు పీకుతాయి, ఇంజను వేడికి పాదాలు ఉడుకుతాయి. స్టార్టు చేస్తే వీధి వీధంతా తెలిసిపోతుంది.

పెళ్ళయిన కొత్తలో భార్యను అందులో ఎక్కించుకుని ఊరంతా తిప్పాడు. దిగాక ఆవిడ చెవులు రుద్దుకుంటూ, "దీంట్లో కూర్చుని మిమ్మల్ని ఎంత తిట్టుకున్నా మీకు వినబడదు. నాకు దక్కే సుఖం అదొక్కటే" అంది. ఆ మాట ఆయన ఏళ్ళ తరబడి వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుని నవ్వాడు.

నిరుడు ఆవిడకు నడుము నొప్పి అంటూ మొదలైంది. పట్టీలు వేసుకుంది, కాపడాలు పెట్టుకుంది. చివరికి పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ము వెలుగుకు పట్టి చూపించి, ఇంకెక్కడో మొదలైన జబ్బు వెన్నెముకలోకి దిగిపోయిందన్నారు. వారం వారం తీసుకురమ్మన్నారు. నయమవుతుందని మాత్రం అనలేదు.

ఆసుపత్రి ఊరికి ఆ చివర. మధ్యలో ఫ్యాక్టరీ గోడ వెంబడి లారీలు తిని వదిలేసిన రోడ్డు. మేస్త్రి తన బండిలోనే తీసుకెళ్ళేవాడు. ఆవిడ కిటికీ వైపు మొహం తిప్పుకుని, తల తలుపుకు ఆనించి కూర్చునేది. ఆ గోడ దాటేదాకా కదిలేది కాదు. నిద్రపోతోందనుకునేవాడు ఆయన. బండి ఊపుకు పసిపిల్లలా నిద్ర పడుతోందని లోపల్లోపల మురిసిపోయేవాడు కూడా.

ఆవిడ తమ్ముడిది ఎదురు షెడ్డే. కార్ల సీట్లు కుడతాడు. ఒకసారి వచ్చి నిలదీశాడు.

"బావా, నీకు బుద్ధుందా? ఆ నడుముతో అక్కని ఈ రోడ్డు రోలరులో తిప్పుతున్నావా?"

"రోడ్డు రోలరేంట్రా? నోరు అదుపులో పెట్టుకో."

"నీ బండిని అంటే పొడుచుకొస్తుంది గానీ, అక్క నడుం మాత్రం నీకు పట్టదు."

ఆ వారం తమ్ముడే ట్యాక్సీ మాట్లాడి తీసుకెళ్ళాడు. కొత్త బండి. నడుస్తున్నట్టే తెలియదు, డ్రైవరు గుటక వేస్తే వెనక సీట్లోకి వినబడేంత నిశ్శబ్దం. తిరిగొచ్చేసరికి ఆవిడ కింది పెదవి చిట్లి ఉంది. ఎండకు పగిలిందంది.

"ఇంకోసారి నన్ను దాంట్లో ఎక్కించకండి. మన బండే నయం."

మేస్త్రి బావమరిది కేసి చూసి మీసం దువ్వుకున్నాడు. "విన్నావా? అదీ నా బండంటే!"

గెలిచాననే సంబరం ఆయనకు ఎంతోసేపు నిలవలేదు. ఇంత నొప్పిలోనూ తన బండే కావాలంటున్న మనిషికి తనేం చేశాడు? ఊరందరి బళ్ళలోనూ మెత్తటి సుఖం నింపినవాడు ఈమెకు మిగిల్చింది కమాను కట్టలూ కుదుపులూనా? మర్నాడు షెడ్డు తలుపు సగం దించి, సొంత బండి కిందికి దూరాడు.

వెనక చక్రాల మీదున్న గట్టి కమాను కట్టలు ఊడదీసి మెత్తటి స్ప్రింగులు వేశాడు. ఇంజను కింద లావుపాటి రబ్బరు దిమ్మలు పెట్టాడు. పొడుగాటి సీటును రెండుగా కోసి, ఆవిడ వైపు వెనక్కి వాలేలా చేశాడు. దానికి మెత్త కుట్టింది తమ్ముడే. కుడుతూ, "అక్కా, ఒక్కసారి ఇలా కూర్చో. ఎక్కడ గుచ్చుకుంటోందో చెప్పు" అంటూ ఇంట్లోంచి నడిపించుకొచ్చి కొలత చూసుకున్నాడు. చివర్లో మోత పని పట్టారిద్దరూ. నేలంతా తారు షీట్లు, వాటి మీద దళసరి ఫెల్టు బొంత, బానెట్టు లోపలా, తలుపుల కడుపులోనూ అదే. సైలెన్సరు కొత్తది.

స్టార్టు చేస్తే వీధిలో ఒక్క తల కూడా తిరగలేదు.

"ముసలాయనకు జీన్సు ప్యాంటు బాగానే నప్పింది బావా" అన్నాడు తమ్ముడు. మేస్త్రి నవ్వాడు. ఆ షెడ్డులో మనస్ఫూర్తిగా నవ్విన నవ్వు వినబడి చాలా రోజులైంది.

ఆసుపత్రి రోజున ఆవిడ ఎక్కి కూర్చుని, చుట్టూ చూసి, "ఇదేంటి, బండి బతికే ఉందా?" అంది.

"నీ కోసమే. ఎలా ఉంది?"

"బాగుంది."

ఫ్యాక్టరీ గోడ దగ్గరికి వచ్చారు. ఆయన అడుగులో అడుగు వేసినట్టు పోనిస్తున్నాడు. కొత్త స్ప్రింగులు గుంటను మింగి మెల్లగా ఊగాయి.

అప్పుడు వినబడింది. పళ్ళ సందుల్లోంచి సన్నగా, పుట్టిన రోజే తల్లి పోయిన కుక్కపిల్ల మూలిగినట్టు. ఫ్యాను బెల్టు అరుస్తోందేమోనని ముందు బానెట్టు కేసి చూశాడు. బండిలో ఏ చప్పుడైనా ఎక్కడి నుంచి వస్తోందో వెంటనే పోల్చుకునే మనిషికి, ఇది పక్క సీట్లోంచి అని తెలియడానికి కాసేపు పట్టింది.

ఆవిడకూ తన గొంతు వినబడింది. చటుక్కున ఆపి, లేని దగ్గు దగ్గింది. ఆ తర్వాత గోడ పొడుగునా ఆ బండిలో ఊపిరి చప్పుడు కూడా లేదు. తమ్ముడు కుట్టిన మెత్తలోకి ఆవిడ వేళ్ళు దిగబడి ఉన్నాయి. కింది పెదవి పళ్ళ మధ్య ఉంది.

ఆసుపత్రి మెట్ల దగ్గర దిగుతూ, సున్నంలా పాలిపోయిన మొహంతో, "పడవలో వచ్చినట్టుందండీ" అంది.

మేస్త్రి ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. కిటికీకేసి తిప్పుకున్న ఆ మొహం ఒక్కనాడూ నిద్రపోలేదు. ట్యాక్సీ నుంచి చిట్లిన పెదవితో ఎందుకు దిగిందో, మన బండే నయమని ఎందుకందో అంతా అర్థమైంది. మూలుగుకు ఆవిడకున్న చాటు ఆ మోతే. దాన్ని తన చేతులతో తనే పీకి పారేశాడు.

ఆవిడను ఇంట్లో దించి, నేరుగా షెడ్డుకు వచ్చి ఫెల్టు చింపడం మొదలుపెట్టాడు. చప్పుడు విని తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు.

"పిచ్చెక్కిందా బావా? ఇంత చాకిరీ చేసి..."

"సీటు ఉండనీ. స్ప్రింగులూ ఉండనీ. ఈ బొంత మొత్తం పీకెయ్."

"ఎందుకో చెప్పి పీకు!"

మేస్త్రి చింపుతూనే చెప్పాడు. తమ్ముడు మొత్తం విని, అవతలి తలుపు విప్పడానికి కూర్చున్నాడు. రబ్బరు దిమ్మలు తీసేశారు. సైలెన్సరు బోల్టులు మేస్త్రే స్వయంగా వదులు చేశాడు.

మళ్ళీ వారం బండి స్టార్టు చేస్తే వీధంతా తిరిగి చూసింది. ఆవిడ నొసలు చిట్లించి, గొంతు పెంచి అడిగింది.

"మళ్ళీ ఏమొచ్చిందండీ దీనికి?"

"గాస్కెట్టు పోయినట్టుంది. తీరిక దొరికాక వేస్తా."

ఆవిడ ఆయన్ని ఓ క్షణం చూసింది. "తీరిగ్గానే వేద్దురుగాని. తొందరేం లేదు" అని కిటికీ వైపు తిరిగింది.

ఫ్యాక్టరీ గోడ రాగానే ఆయన గేరు తగ్గించి, యాక్సిలరేటరు గట్టిగా తొక్కాడు. ఇంజను గోడ అదిరేలా అరిచింది. పక్కకు చూడకుండా, చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎదురుగా ఉన్న గుంటల్నే చూస్తూ పోనిచ్చాడు.

ఆసుపత్రి మెట్ల ముందు ఆపి, తాళం తిప్పి ఇంజను ఆపబోతుంటే ఆవిడ చెయ్యి వచ్చి ఆయన మణికట్టు మీద పడింది.

"కాసేపు ఆపకండి."

ఆయన తాళం మీద నుంచి చెయ్యి తీసి, న్యూట్రల్‌లోనే యాక్సిలరేటరు తొక్కి పట్టుకున్నాడు. మెట్ల మీదున్న వాచ్‌మన్ ఈల వేస్తూ, చెయ్యి ఊపుతూ వస్తున్నాడు. మేస్త్రి ఇంకొంచెం తొక్కాడు.