కోలబంతితో నా కోచ్ ఉద్యోగం

మొన్న ఆదివారం గంగాలిన్‌లో మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక, మా మనవరాలు బడి నుంచి తెచ్చుకున్న ఎర్రటి తోలుబంతిని, అటూ ఇటూ కొనలు తేలిన కోలబంతిని, హాలు మధ్యలో నేల మీద పెట్టి తన్నబోతుంటే, సోఫాలో కునుకు తీస్తున్న మా ఆవిడ కళ్లు పూర్తిగా తెరవకుండానే, అలా కాదమ్మా, కొన కిందికి తిప్పి పట్టుకో, చేత్తోనే పాదం దాకా దింపు, పైకి ఎగరెయ్యకు అని చెప్పి మళ్లీ కళ్లు మూసుకుంది. మనవరాలు బంతిని వదిలేసి నా వైపు చూసింది. దానికి తెలుగంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. "హౌ డస్ అమ్మమ్మ నో దట్?" అని అడిగింది. పెద్ద కథ, తరవాత చెబుతాలే అన్నాను. అది వెంటనే మరిచిపోయింది గానీ నాకు మాత్రం ఆ మధ్యాహ్నమంతా, ఒకప్పుడు మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో మా అద్దె ఇల్లూ, ఆ బురదా, ఆ చలీ గుర్తుకొస్తూనే ఉన్నాయి.

నేను ఫుట్‌బాల్ ఆటగాణ్ణి. ఈ మాట చెబితే మనవాళ్లు అది సరే, ఉద్యోగం ఏం చేసేవారని అడుగుతారు గనక కాస్త వివరంగా చెప్పాలి. సికిందరాబాద్‌లో రైల్వే క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో బంతి తన్నడం నేర్చుకుని, కలకత్తాలో ఒక క్లబ్బువాళ్లు జీతమిచ్చి పిలిస్తే వెళ్లి కొన్నేళ్లు వెనక కుడివైపు కాపు కాసే రైట్ బ్యాక్‌గా ఆడాను. ఆ ఊళ్లో ఫుట్‌బాల్ అంటే ఎంత పిచ్చి అంటే, మేము ఓడిపోయిన మర్నాడు సందు చివర చేపలమ్మేవాడు నన్ను చూసి బుట్ట మీద గోనెపట్టా కప్పేసేవాడు, గెలిచిన మర్నాడు డబ్బు తీసుకునేవాడు కాదు. చివరికి మోకాలు దెబ్బతిని సికిందరాబాద్ తిరిగొచ్చి, ఒక డిగ్రీ కాలేజీలో కోచ్‌గా చేరి, పెళ్లి చేసుకుని, పిల్లని కని, ఆ ఈలా ఆ నిక్కరుతోనే జీవితం గడిచిపోతుందనుకున్నాను.

మా ఆవిడకి ఆటలంటే గిట్టవు. ఇరవై ఇద్దరు ఎదిగిన మగవాళ్లు ఒక్క బంతి కోసం అలా పరిగెత్తే బదులు తలా ఒకటి కొనుక్కోవచ్చు కదా అన్నది ఆవిడ ఫుట్‌బాల్ గురించి అడిగిన మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న కూడా. ఆవిడ లోకం కోబాల్. బ్యాంకు కంప్యూటర్లలో పాతకాలం నుంచీ నడుస్తున్న ఆ భాషని నేర్చుకున్నవాళ్లని అప్పటిదాకా ఎవరూ పట్టించుకోలేదు. ఉన్నట్టుండి, సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న పాపానికి రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని గోల పుట్టేసరికి, కోబాల్ వచ్చినవాళ్లకి పెళ్లికొడుకులకున్న గిరాకీ వచ్చింది. మెల్‌బోర్న్‌లో ఒక బ్యాంకు ఆవిణ్ణి పిలిచింది. ఆవిడ వెనకాల సామాన్లతో పాటు నేనూ, బడికి వెళ్లే మా అమ్మాయీ దిగాం.

క్లేటన్‌లో నా పని పొద్దున్నే పిల్లని బళ్లో దింపడం, సాయంత్రం తీసుకురావడం, మధ్యలో సాంబారు. తెలుగువాళ్లు కలిసినప్పుడు మగవాళ్లంతా ఏ ప్రాజెక్టు, ఏ ప్లాట్‌ఫారమ్ అని మాట్లాడుకుంటూ మీరేమిటండీ అని నన్నడిగితే, రైట్ బ్యాక్ అనేవాణ్ణి. ఒకాయన అది కొత్త డేటాబేసా అని అడిగాడు కూడా.

తీరా కొత్త సంవత్సరం వచ్చింది, ఏమీ జరగలేదు. మా ఆవిడా, ఆవిడలాంటి వాళ్లెందరో కళ్లు ఎర్రబడేలా రాత్రింబవళ్లు పనిచేసి ఏమీ జరగకుండా చూశారు. ఏమీ జరగలేదు గనక అసలు ఇంతమందిని ఎందుకు పెట్టుకున్నాం అని బ్యాంకువాళ్లు ఆలోచించుకుని, ఫిబ్రవరితో ముగిసే ఇక్కడి వేసవి పోకముందే అందరికీ కేకు కోసి పంపించేశారు. ఆవిడ ఇంటికొచ్చి, మిగిలిన కేకు ఫ్రిజ్‌లో పెట్టి, ఇంక ఈ దేశంలో ఉండాలో వెళ్లాలో మీరే చెప్పండి అంది. ఆవిడ నన్ను సలహా అడిగిందంటే పరిస్థితి ఎంత దూరం వచ్చిందో నాకు అర్థమైంది.

ఆ వారమే లైబ్రరీ గోడ మీద దగ్గర్లోని ఒక కాలేజీవాళ్ల కాగితం కనిపించింది, ఫుట్‌బాల్ కోచ్ కావాలని. నా చెవుల్లో కలకత్తా జనం హోరెత్తారు. ఫోన్ చేస్తే క్రీడల వ్యవహారాలు చూసే పెద్దాయన ఎత్తాడు. ఎక్కడ ఆడేవాడివి అన్నాడు, బ్యాక్ అన్నాను. డబ్బు తీసుకుని ఆడావా అన్నాడు, తీసుకున్నానన్నాను. చూడ్డానికి ఎంతమంది వచ్చేవాళ్లు అన్నాడు, పెద్ద మ్యాచ్ అయితే లక్షమందిదాకా అన్నాను. అయితే ఇంకేం, సోమవారం వచ్చెయ్ అన్నాడు.

సోమవారం మధ్యాహ్నం ఇస్త్రీ నిక్కరు వేసుకుని, మెళ్లో ఈల తగిలించుకుని వెళితే, క్రికెట్ మైదానంలాంటి గుండ్రటి మైదానం, రెండు చివర్లా నాలుగేసి గుంజలు, ఒక్కదానికీ అడ్డకర్ర లేదు, వల లేదు. మరమ్మతులు జరుగుతున్నాయేమో అనుకున్నాను. ఇంతలో ఆ పెద్దాయన ఒక గోనెసంచి తెచ్చి బోర్లిస్తే ఎర్రటి కోలబంతులు నాలుగు దిక్కులకీ వంకర్లు తిరుగుతూ దొర్లాయి. అసలు బంతులెక్కడున్నాయని అడిగాను. ఇవే అన్నాడు. ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే వాళ్ల సొంత ఆట అనీ, మన ఆటని సాకర్ అంటారనీ నాకప్పుడే తెలిసింది. నేనక్కడే ఉన్నదున్నట్టు చెప్పేశాను, అయ్యా, ఈ ఆట నేనెప్పుడూ చూడనైనా చూడలేదు అని. ఆయన టోపీ తీసి తల గోక్కుని, మైదానంలో నా కోసం ఎదురుచూస్తున్న కుర్రాళ్లని చూసి, మళ్లీ నన్ను చూసి, "కిక్ కిక్కే కదా మేట్. ఇంకొకడు దొరికేదాకా ఉండు" అన్నాడు. ఆయన మొహంలోని నిస్పృహ చూశాక నాకు సంగతి అర్థమైంది. వాళ్లు కిందటేడు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదట. ఈ ఏడూ అంతే అయితే కాలేజీవాళ్లు జట్టునే ఎత్తేస్తారట, అందుకని ఆ ఉద్యోగానికి నేను తప్ప ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

మొదటిరోజు శిక్షణ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎవడైనా బంతిని చేత్తో పట్టుకున్నప్పుడల్లా నా ప్రమేయం లేకుండానే ఈల మోగేది. ఆ ఆటలో పట్టుకోవడమే గొప్ప, ఎంత పైకెగిరి పట్టుకుంటే అంత గొప్ప. పాపం ఆ కుర్రాళ్లు పట్టుకోవడం, నేను ఈల వెయ్యడం, వాళ్లు బిక్కమొహం వెయ్యడం. ఒకడు బంతి రాకముందే అవతలివాళ్లందర్నీ దాటి గుంజల దగ్గర నిలబడ్డాడని నేను ఆఫ్‌సైడ్ అని చెయ్యెత్తితే, ఏదో అడగాలనుకుంటున్నానేమోనని కెప్టెన్ మర్యాదగా పరిగెత్తుకుంటూ వచ్చాడు. గొర్రెల ఫారం నుంచి చదువుకోడానికొచ్చిన ఆరడుగుల పైచిలుకు మనిషి, వెన్నలాంటివాడు. ఈ ఆటలో ఆఫ్‌సైడ్ లేదు కోచ్ అని, ఇంట్లో చావు కబురు చెప్పినంత నెమ్మదిగా చెప్పాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా ఆవిడ నవ్వలేదు. నియమాలున్న పుస్తకమేదైనా ఉందా అంది. కాలేజీవాళ్లిచ్చిన చిన్న పుస్తకం ఇచ్చాను. మర్నాడు నేను పిల్లని బళ్లో దింపి వచ్చేసరికి వంటింటి గోడంతా కాగితాలు. తన్నిన బంతిని నేలని తాకకుండా పట్టుకుంటే ఇటు వెళ్లాలి, లేకపోతే అటు వెళ్లాలి అని బాణాల గుర్తులతో ఆటని మొత్తం ప్రోగ్రాముగా రాసి పారేసింది. మధ్యలో ఉన్న రెండు పొడుగు గుంజల మధ్య నుంచి తన్నితే ఆరు పాయింట్లు, గురి తప్పి పక్కనున్న పొట్టి గుంజ లోపల నుంచి పోయినా ఒక పాయింటు. గురి తప్పినందుకు పాయింటేమిటని నేను వాదించాను. ఆవిడకి మాత్రం అదే నచ్చింది. ఇన్నేళ్లూ మీరాడిన దాంట్లో లేనిది ఇదే, ఇది కాస్త తెలివున్న ఆట అంది.

అలా ఆవిడ గోడ దగ్గరా, నేను మైదానంలోనూ కోచ్‌లమయ్యాం. నాకు తెలిసినవి నేను చెప్పాను. బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడాలి, ఎడంకాలితో కూడా ఎలా తన్నాలి, పక్కవాడి కోసం ఖాళీ ఎలా చెయ్యాలి, ఇవి ఏ ఆకారం బంతికైనా ఒకటే. శనివారాలు ఆవిడ మైదానం హద్దుగీత పక్కన గొడుగేసుకుని నిలబడి, మా ఎడమవైపు ఖాళీగా ఉంది చూడండి అని తెలుగులో అరిచేది, నేను ఇంగ్లీషులో అందించేవాణ్ణి. ఆట కాగానే జట్టంతా మా ఇంటికొచ్చి పులిహోర తిని, గోడ ముందు నిలబడి ఆవిడతో వాదించేవాళ్లు. ఆవిణ్ణి బాస్ అనేవాళ్లు, నన్ను కోచ్ అనేవాళ్లు. తేడా అందరికీ తెలుసు.

అయినా ఓడిపోతూనే ఉన్నాం, కాకపోతే తక్కువ తేడాతో. పైగా కుర్రాళ్లు చాలక, మా పక్కింట్లో ఆరుగురు తెలుగు విద్యార్థులుంటే వాళ్లలో అదే కాలేజీలో కంప్యూటర్లు చదివే గుంటూరు అబ్బాయిని బతిమాలి తీసుకెళ్లాను. వాడు కబడ్డీ ఆటగాడు. అంకుల్, పట్టుకోవడమేగా, పట్టుకుంటా అన్నాడు. నిజంగానే పట్టుకున్నాడు. వాడి చేతికి చిక్కిన మనిషి గానీ బంతి గానీ బయటపడింది లేదు. తన్నడం ఒక్కటే రాలేదు, వాడు తన్నిన బంతి ఎటు పోతుందో వాడితో సహా ఎవరికీ తెలియదు.

సీజన్ ఆఖరి మ్యాచ్ పక్క కాలేజీతో. ఒకటే వాన, ముఖాలు గుర్తుపట్టలేనంత బురద. అప్పటికి మా ఆవిడకి ఇంకా ఉద్యోగం రాలేదు, ఇల్లు నా జీతంతోనే నడుస్తోంది. ఈ మ్యాచ్ పోతే జట్టూ లేదు, జీతమూ లేదు. ఆఖరి నిమిషంలో పాయింట్లు సమానం. వాళ్ల గుంజల ముందు గాల్లోకి లేచిన బంతిని నలుగురి మధ్య నుంచి గుంటూరు అబ్బాయి పట్టేశాడు, అంతలోనే ఆట ముగిసినట్టు సైరన్ మోగింది. అలా పట్టుకున్నవాడికి సైరన్ తరవాత కూడా ఒకసారి తన్నే హక్కుంటుంది. కెప్టెన్ వెళ్లి వాడి భుజం మీద చెయ్యేసి, "జస్ట్ కిక్ ఇట్ మేట్, ఎనీవేర్ దేర్" అన్నాడు. వాడు దేవుడికి దణ్ణం పెట్టుకుని తన్నాడు.

బంతి పొడుగు గుంజ పక్కనుంచి, జానెడు బయటనుంచి పోయింది. నేను బురదలో కూలబడి తల పట్టుకున్నాను. అక్కడ వాడు బోర్లా పడిపోయాడు. గుంజల దగ్గర తెల్లకోటు వేసుకున్న అంపైర్ జెండా ఊపుతున్నాడు, మావాళ్లంతా పరిగెత్తుకెళ్లి వాడి మీద పడుతున్నారు. ఆ గుట్ట కింద నుంచి, "అంకుల్, కొడుతున్నారు" అని తెలుగులో కేక వినిపిస్తోంది. నిజమేననుకుని విడిపించడానికి లేవబోతుంటే మా ఆవిడ గొడుగు వదిలేసి వచ్చి నా ముందు నిలబడింది.

"ఏమండీ, లేవండి. గెలిచాం."

"తప్పిపోయింది కదే."

"తప్పిపోతేనే ఒక పాయింటు. గోడ మీద ఎన్నిసార్లు రాశాను?"

నాకు తెలియక కాదు. తెలిసినది బుర్రకే, ఒంటికి ఇంకా తెలియలేదు. ఆవిడ చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా బురద, ముఖమంతా వాన, పసిపిల్లలా గెంతుతోంది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆవిణ్ణి అలా చూడటం అదే మొదలు. అటువైపు గుంటూరు అబ్బాయిని కెప్టెన్ భుజాల మీదకెత్తుకున్నాడు. గెలిచినట్టు వాడికింకా తెలియదు, భయంగా దిక్కులు చూస్తున్నాడు.

జట్టు నిలిచింది. క్రీడల పెద్దాయన నా బదులు ఇంకొకణ్ణి వెతకడం మానేశాడు, ఆ సంగతి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కొన్ని నెలల్లో మా ఆవిడకి వేరే ఉద్యోగం వచ్చినా శనివారాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. తల నెరిసేదాకా అక్కడే చేశాను. తరవాత తరవాత మన గుండ్రటి బంతికి కూడా ఒక జట్టు పెట్టి నాకే అప్పగించారు, కానీ నిజం చెప్పాలంటే అప్పటికి ఆ ఆట నాకు కాస్త చప్పగా అనిపించేది. గుంటూరు అబ్బాయి ఇప్పుడు పెర్త్‌లో హారిస్‌డేల్‌లో ఉంటున్నాడు, బట్టతల అంకుల్ అయ్యాడు. వాడి కొడుకు ఆడతాడట, ఎటు తన్నినా సూటిగానే పోతుందట.

ఇప్పుడు ఇక్కడి మైదానాల్లో చూస్తుంటాను. కోచ్‌ల చేతుల్లో పలకల్లాంటి కంప్యూటర్లు, కుర్రాళ్ల వీపులకి ఎంత పరిగెత్తారో చెప్పే యంత్రాలు, ఏం తినాలో చెప్పడానికి వేరే మనుషులు. ఆట కాగానే ఎవరి కారులో వాళ్లు వెళ్లిపోతారు, మట్టికాళ్లతో ఒకరింట్లోకి వచ్చేవాళ్లు లేరు. కోచ్ కావాలంటే పరీక్షలున్నాయి, సర్టిఫికెట్లున్నాయి, పిల్లల క్షేమం కోసం పోలీసు విచారణలున్నాయి. అవన్నీ ఉండాల్సినవే, నేను కాదనను. కానీ ఒక్కోసారి అనిపిస్తుంది, మన రోజుల్లో ఒకరి గురించి ఒకరికి సరిగ్గా తెలియకపోవడం వల్ల కూడా ఎన్ని తలుపులు తెరుచుకున్నాయో అని. అవతలివాడి మాట నమ్మి సోమవారం వచ్చెయ్ అనేవాళ్లు, వచ్చాక వాడితో ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లు, నెట్టుకొస్తూ నెట్టుకొస్తూ అదే జీవితమైపోయేది. ఈ రోజుల్లో అయితే ఆ పెద్దాయన నాతో మాట్లాడుతూనే నా పేరు వెతికి చూసేవాడు, నేనూ ఆ కాలేజీ ఆట ఏమిటో ముందే చూసుకునేవాణ్ణి. ఇద్దరికీ నిమిషంలో అంతా తెలిసిపోయేది, ఒకరికొకరం థాంక్స్ చెప్పుకుని మర్యాదగా ఫోన్లు పెట్టేసేవాళ్లం.