బుధవారం రెస్ట్

మా ఆయన తిరుమలరావు గొంతు తెలియనివాళ్లు బిలాస్‌పూర్ రైల్వే యార్డులో లేరు. ముప్పయ్యారేళ్లు పాయింట్స్‌మన్‌గా చేశాడు. జెండా ఊపడం ఉద్యోగమైతే, యూనియన్ ధర్నాల్లో నినాదాలివ్వడం సరదా. "ఖాలీ పద్" అని ఆయన అరిస్తే, "భరో! భరో!" అని వెనక వందలమంది అందుకునేవారు. ఖాళీలు నింపండి, మా పిల్లలకి ఉద్యోగాలివ్వండి అని. మాది టెక్కలి వైపు. మెల్లగా మాట్లాడటం మా ఇళ్లలో ఎవరికీ రాదు, ఈయనకి మరీను.

రిటైరయ్యాక ఊరి చివర మోప్కాలో కట్టుకున్న ఇంటికి వచ్చాం. ఇక చూడండి నా అవస్థ! పప్పులో ఉప్పెందుకు తగ్గింది, పాలవాడెందుకు రాలేదు, ఫ్యాను ఎవరికోసం తిరుగుతోంది... పొద్దస్తమానం నా వెనకే. అంతలో, కొత్తవాళ్లు వచ్చేదాకా రిటైరైనవాళ్లనే కాంట్రాక్టు మీద మళ్లీ తీసుకుంటున్నారని కబురొచ్చింది.

"కుర్రోళ్ల సీట్లో నాను కూకోడమేటే కనకం?" అన్నాడు.

"మీరు కూకోకపోతే ఇంకో ముసలాయన కూకుంటాడు. ఎల్లండి," అన్నాను.

పెన్షన్ వస్తోంది, తిండికి లోటు లేదు. నా వంటింట్లో నాకు కాస్త ఊపిరాడాలని పంపించాను, అంతే. ఆ సిగ్గు నాదే. ఆయన్ని గతౌరా స్టేషన్లో వేశారు.

పక్కింటి రాజశ్రీ మా ఆయనతో పనిచేసిన జగన్నాథం కూతురు. ఎమ్మెస్సీ చదివి, నాలుగేళ్లుగా రైల్వే పరీక్షల చుట్టూ తిరుగుతోంది. ప్రకటన కోసం కొన్నాళ్లు, పరీక్ష కోసం కొన్నాళ్లు, ఇప్పుడు ఫలితాల కోసం. సిగ్నళ్ల సంగతంతా మా వరండాలో మా ఆయన దగ్గరే నేర్చుకుంది. పరీక్ష రాసింది కూడా పాయింట్స్‌మన్ ఉద్యోగానికే! ఆ పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను? "వ్యాపార్ విహార్‌లో లారీ ఆఫీసు ఉంది కదా, ఆయన నేస్తుడిది, అక్కడికి కాలక్షేపానికి ఎల్తన్నారమ్మా," అని అబద్ధమాడేశాను. నారింజరంగు డ్యూటీ జాకెట్టు సంచిలో కుక్కి పంపేదాన్ని. ఉతికితే బయట తీగ మీద వేయకుండా పడగ్గదిలో ఫ్యాను కింద ఆరేసేదాన్ని, దొంగసొత్తులా.

ఎనిమిది నెలలు గడిచాయి. మొన్నొక సాయంత్రం రాజశ్రీ వచ్చి మా ఆయన ముందు కూర్చుంది.

"మావయ్యా, మా రిజల్ట్ ఇంకా రాలేదు. స్టేషన్ కే సామ్నే ధర్నా పెడతన్నాం. నినాదాలు నువ్వే ఇవ్వాల."

ఆయన నా వైపు చూశాడు. నేను మధ్యలో దూరి, "ఎప్పుడే?" అన్నాను.

"బుధవారం."

"ఆదివారం పెట్టుకోకండా బుధవారమేటే?"

"ఆదివారం మావయ్యకి డ్యూటీ కదా అత్తా. బుధవారం రెస్ట్."

ఎలా తెలిసిందో రాజశ్రీయే చెప్పింది: "రెస్ట్ రోజే కదా మీ ఇంట్లో సేపల పులుసు. ఎనిమిది నెల్లుగా బుధవారం బుధవారం వాసనొస్తంది."

రైల్వే ఇళ్లలో ఆదివారం ఉండదు. మగాడి రెస్ట్ రోజే మాకు పండగ. ఆ అలవాటు చొప్పున పులుసు పెట్టేస్తూ వచ్చాను. జాకెట్టు దాచాను గానీ, నా పొయ్యే నన్ను పట్టించింది.

మా ఆయన తలెత్తలేదు. "నా మీద కోపం రాలేదేటమ్మా?"

"వచ్చింది. రెండు నెల్లు మీ గుమ్మం తొక్కలేదు, యాద్ హై నా? ఏం చేస్తాం మావయ్యా, నీ గొంతు మాలో ఎవరికీ లేదు."

ఆ రెండు నెలలూ చదువుకుంటోందనుకున్నాను నేను!

బుధవారం ఆయన వెళ్లాడు. నేనూ వెళ్లి చివర్న నిలబడ్డాను. "ఖాలీ పద్" అన్నాడు. "భరో!" అన్నారు పిల్లలందరూ. ఆయన వైపే చూస్తూ అరుస్తున్న రాజశ్రీ గొంతు అందరికంటే పైన. నాలుగోసారికి ఆయన గొంతు చీలిపోయింది. అయినా ఆపలేదు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక, "డ్యూటీ మానేయండి," అన్నాను.

"నాను మానేస్తే రాజశ్రీకి ఇచ్చేస్తారేటే? ఇంకో ముసలాయనకి ఇస్తారు," అన్నాడు బొంగురుగా. నా మాటే నాకు అప్పజెప్పాడు.

మర్నాడు పొద్దున్నే జాకెట్టు సంచి పట్టుకుని బయల్దేరాడు. గోడ పక్కన రాజశ్రీ, చేతిలో గ్లాసు.

"గొంతు పోయింది కదా, మిరియాల కషాయం. తాగీసి ఎల్లు మావయ్యా, డ్యూటీకి లేటయిపోతాది."

తల దించుకుని, నిలబడే తాగాడు. గ్లాసు నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. జగన్నాథం పేరు చెక్కించిన స్టీలు గ్లాసు. కడిగి వంటింటి గట్టు మీద పెట్టి నాలుగు రోజులైంది. పక్కిల్లు పది అడుగులు. వెళ్లి ఇచ్చి రాలేకపోతున్నాను.